హాస్టల్ గదికో ముగ్గుల కుండీ

హాస్టల్‌లో చేరే పిల్లల సామాన్ల జాబితా మనందరి ఇళ్లలో దాదాపు ఒక్కటే. పరుపు, బకెట్టు, మగ్గు, తాళంకప్ప, ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఆవకాయ సీసా, కందిపొడి, సున్నుండల డబ్బా. అన్నీ సర్దేశామనుకున్నాక అమ్మ మళ్లీ లోపలికి వెళ్లి జ్వరం మాత్రలు తెచ్చి బ్యాగు పక్క జేబులో పెడుతుంది. ఈసారి ఈ జాబితాలో ఇంకొకటి చేర్చండి. ఒక చిన్న మట్టి కుండీ. కుండీ కొన్నదే అయినా దాని మీద రంగులు మాత్రం మీ అబ్బాయో, అమ్మాయో తన చేత్తో వేసుకున్నవై ఉండాలి.

'చదువుకోమని పంపిస్తున్నామా, బొమ్మలు వేసుకోమనా?' అని మీకు అనిపించొచ్చు. మా అన్నయ్యా అదే అన్నాడు. వాళ్లమ్మాయి రెండేళ్ల కిందట ఇంజినీరింగులో చేరింది. ఇల్లు విడిచి ఉండటం అదే మొదటిసారి. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోను. 'తిన్నావా?' 'తిన్నా.' 'ఏం కూర?' 'ఏదో.' 'చదువెలా సాగుతోంది?' 'బాగానే ఉంది.' అంతే, రెండు నిమిషాల్లో ముగిసిపోయేది. ఆ 'బాగానే ఉంది' వెనకాల ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. దసరా సెలవులకు వచ్చినప్పుడు నాయనమ్మ పెరట్లో మొలిచిన తులసి మొక్కను తవ్వి ఇచ్చింది. పిల్ల దానికో కుండీ కొని, అటక మీద ఎప్పుడో మిగిలిపోయిన ఎనామిల్ పెయింటు దించి, లోపలా బయటా నిగనిగలాడేలా నీలం రంగు వేసింది. కుండీ చూడముచ్చటగా ఉంది. మొక్క మాత్రం ఇరవై రోజులే బతికింది.

'అత్తా, తులసి పోయింది. నాయనమ్మకు చెప్పకు' అని ఫోన్ చేసి ఏడ్చింది. తులసి ఎండిపోతే ఇంటికి మంచిది కాదని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగింది కదా. పైగా పరీక్షలు వారం రోజుల్లో ఉన్నాయి. ఆ ఏడుపు ఒక్క తులసి గురించే కాదని గ్రహించటానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. అరగంట మాట్లాడింది. మెస్సు తిండి, మాట కలవని రూమ్మేటు, మొదటి పరీక్షలో వచ్చిన మార్కులు, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవటం.. ఇన్నాళ్లూ దాచుకున్నవన్నీ బయటకు వచ్చాయి. చివర్లో కుండీని తిరగేసి ఫొటో పంపమన్నాను. అడుగున చిల్లు లేదు. రంగు గడ్డకట్టి పూర్తిగా మూసుకుపోయింది. 'ఇది అపశకునం కాదురా తల్లీ. నీళ్లు పోయే దారి లేక వేళ్లు కుళ్లిపోయాయి, అంతే' అన్నాను.

తర్వాత తను ఇంకో కుండీకి రంగులు వేసుకుంది. దాని సంగతి తర్వాత. ముందు ఈ చిన్న పని పిల్లలకు ఎలా పనికొస్తుందో చూద్దాం.

చుక్కలు పెడితే చాలు

అమెరికాలో నాన్సీ కర్రీ, టిమ్ కాసర్ అనే పరిశోధకులు 84 మంది కాలేజీ విద్యార్థులపై చేసిన ఓ ప్రయోగం ఫలితాలను 2005లో ప్రచురించారు. ముందుగా వారిని తాము బాగా భయపడ్డ సంఘటన ఒకటి రాయమన్నారు. తర్వాత కొందరికి గుండ్రటి ముగ్గులాంటి 'మండల' డిజైను, కొందరికి గళ్ల డిజైను, మిగతావారికి ఖాళీ కాగితం ఇచ్చి రంగులు వేయమన్నారు. డిజైన్లలో రంగులు నింపినవారిలో ఆందోళన బాగా తగ్గింది. ఖాళీ కాగితం మీద ఇష్టమొచ్చినట్టు వేసుకున్నవారిలో అంతగా తగ్గలేదు.

ఇది చదవగానే మన వాకిట్లో ముగ్గు గుర్తుకు రావటం లేదూ? చుక్కలు పెట్టేశాక 'ఇప్పుడేం గీయాలి?' అన్న బెంగ ఉండదు. చేతికి దారి తెలుసు. అలాగని పరాకుగా ఉంటే కుదరదు, ఒక చుక్క తప్పితే గీత మరెక్కడికో పోతుంది. మనసుకు చాలినంత పని ఉంటుంది, భారం మాత్రం ఉండదు. ఆందోళనతో ఉన్న పిల్లల్ని కూర్చోబెట్టి 'నీకు నచ్చింది గీయి' అనటం కన్నా 'ఈ అంచు చుట్టూ ఎనిమిది చుక్కలు పెట్టు' అనటం మేలని నా అభిప్రాయం. ఉత్త కుండీ కూడా ఖాళీ కాగితం లాంటిదే మరి.

డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో 39 మంది పెద్దవాళ్లు 45 నిమిషాల పాటు మట్టి, రంగు పెన్నులు, కాగితం ముక్కలతో తమకు తోచింది చేశారు. ముందూ వెనకా లాలాజలాన్ని పరీక్షించగా, సుమారు ముప్పావు వంతు మందిలో ఒత్తిడి హార్మోన్ కార్టిజాల్ తగ్గింది. ఇంతకుముందు బొమ్మలు వేసిన అనుభవం ఉందా, లేదా అన్నదానితో పెద్దగా తేడా రాలేదు. ఇవన్నీ చిన్న అధ్యయనాలే. రెండోదానిలో బొమ్మలు వేయకుండా ఊరకే కూర్చున్నవారితో పోల్చి చూడనూ లేదు. కాబట్టి దీన్నో వైద్యంగా అనుకోవద్దు. కానీ ఖర్చు లేనిది, హాని లేనిది, రెండు గంటలు తెర వంక చూడకుండా గడిపేది. రంగులంటిన వేళ్లతో ఫోను పట్టుకోవటం కుదరదు కదా! ఇదొక్కటి చాలు, నాకైతే.

మొక్క సంగతి మరొకటి. 1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే మానసిక శాస్త్రవేత్తలు అమెరికాలోని ఓ వృద్ధాశ్రమంలో ప్రయోగం చేశారు. ఒక అంతస్తులోని పెద్దలను 'ఇక్కడి మీ విషయాలు మీరే చూసుకోవాలి' అని చెప్పి, నచ్చిన మొక్కను ఎంచుకోమని, దాన్ని చూసుకునే బాధ్యత వారికే అప్పగించారు. మరో అంతస్తులోని వారికీ మొక్కలు ఇచ్చారు గానీ నీళ్లు పోసే పని నర్సులది. కొద్ది వారాలకే మొదటి అంతస్తువారిలో హుషారు పెరిగినట్టు తేలింది. మొక్క రెండు అంతస్తుల్లోనూ ఉంది. తేడా అల్లా బాధ్యతలోనే. వృద్ధాశ్రమానికీ హాస్టల్‌కూ పోలికేంటని కోపం తెచ్చుకోకండి. లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ అన్నీ ఎవరో నిర్ణయించే చోట 'ఇది నా చేతిలో ఉంది' అనుకునేది ఒక్కటైనా ఉండటం ఏ వయసువారికైనా ముఖ్యమే.

కుండకు రంగులద్దటం మనకు కొత్తేమీ కాదు. పెళ్లికి కుమ్మరి ఇంటి నుంచి తెచ్చే ఐరేని కుండలకు సున్నం పూసి రంగుల గీతలు వేస్తారు. బోనం కుండకు పసుపు, కుంకుమ, సున్నంతో బొట్లు పెడతారు. ఇప్పుడు అదే చేయిని కాస్త చిన్న కుండీ మీద తిప్పాలి, అంతే తేడా.

కుండీ, కుంచె

గదిలో కిటికీ పక్కన పెట్టుకోవటానికి అయిదారు అంగుళాల కుండీ చాలు. కొనేటప్పుడు వేలితో తట్టి చూడండి. ఖంగుమంటే బాగా కాలింది, పగుళ్లు లేవని అర్థం. అడుగున చిల్లు తప్పనిసరి. అలంకరణ కోసమని అమ్మే కొన్నింటికి అసలు చిల్లే ఉండదు. అవి పెన్నులు పెట్టుకోవటానికే తప్ప మొక్కకు పనికిరావు.

ముందు కుండీని కడిగి, దుమ్ము పోయాక, గరుగ్గా ఉన్నచోట వడ్రంగులు వాడే ఉప్పు కాగితంతో రుద్దాలి. తడి మీదే రుద్దండి. పొడిగా రుద్దితే లేచే సన్నటి మట్టి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఆస్థమా ఉన్నవారికి మరీనూ. తర్వాత ఒకట్రెండు రోజులు ఎండలో పెట్టాలి. ఇక్కడ తొందర పడితే మొత్తం పాడవుతుంది. మట్టి పైకి ఆరినట్టే కనిపిస్తుంది గానీ లోపల తడి ఉంటుంది. ఆ తడి బయటకు వచ్చేటప్పుడు రంగును తోసేస్తుంది. పొక్కులు లేచి పెచ్చులుగా ఊడిపోతుంది.

మట్టి కుండీ గొప్పతనమంతా దాని సన్నటి రంధ్రాల్లో ఉంది. వేసవిలో కుండలో నీళ్లు చల్లబడేది ఈ రంధ్రాల వల్లే. కుండీ గోడల గుండానూ తడి కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. వేళ్లకు గాలి అందుతుంది. రోజూ చెంబుడు నీళ్లు పోసే ఉత్సాహవంతుల నుంచి మొక్కను కాపాడేది ఇదే. లోపలా బయటా రంగు పూస్తే మట్టి కుండీ కాస్తా ప్లాస్టిక్ డబ్బా అయిపోతుంది. అందుకని మూడు నియమాలు గుర్తుంచుకోవాలి. లోపల రంగు వేయొద్దు. అడుగున వేయొద్దు. బయట కూడా పైఅంచు, దాని కింద ఓ రెండు అంగుళాల పట్టీ వరకే వేసి, మిగతాది ఎర్రమట్టి రంగులోనే వదిలేయాలి. మూడోది నా సొంత ఇష్టం కూడా. జాజు అలికిన అరుగు మీద సున్నం ముగ్గులా, ఆ ఎరుపు మీద తెల్ల గీత వచ్చినంత అందం మరి దేంతోనూ రాదు.

కుండీ నిండా రంగులు కావాల్సిందేనని పిల్లలు పట్టుబడితే దానికీ దారి ఉంది. మొక్కను చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, రంగుల కుండీని పైతొడుగులా వాడుకోవాలి. నీళ్లు పోసేటప్పుడు లోపలిదాన్ని బయటకు తీసి, నీళ్లు పూర్తిగా కారిపోయాక మళ్లీ పెట్టాలి.

ఇక ముగ్గు. గుండ్రటి కుండీ మీద చుక్కలు సమంగా రావటం కష్టమే. చిన్న ఉపాయం ఉంది. అంచు చుట్టూ సరిపోయేలా కాగితం పట్టీ కత్తిరించి, దాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది భాగాలవుతుంది. మళ్లీ చుట్టి, మడతలున్న చోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. అడ్డగీత నిటారుగా రావటానికి కుండీకి రబ్బరు బ్యాండు తొడిగి దాని వెంట గీసుకుంటే సరి. చుక్కలకు కుంచె కూడా అక్కర్లేదు. చెవిలో పెట్టుకునే దూది పుల్లను రంగులో ముంచి అద్దితే గుండ్రంగా వస్తాయి. (ఆ పుల్లలు చెవికి వాడొద్దని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. ఇదిగో, మంచి ఉపయోగం దొరికింది.) చుక్కల మధ్య మెలికలు తిప్పుతారా, సిక్కులు వేస్తారా, చేప పిల్లలు వేస్తారా అన్నది చేతివాటాన్ని బట్టి. అమ్మమ్మలు దగ్గరుంటే అడగండి. వాళ్ల నోట్‌పుస్తకాల్లో ముగ్గులు ఇంకా ఉన్నాయి.

రంగుల విషయానికొస్తే నీటితో కలిపే అక్రిలిక్ రంగులు మేలు. ఆరాక తడికి కరగవు. స్కూల్లో వాడే పోస్టర్ రంగులు మొదటిసారి నీళ్లు పోసేసరికే కారిపోతాయి. ఒక పూత ఆరాక మరో పూత వేస్తే చాలు, గదిలోనే ఉండే కుండీకి వార్నిష్ అక్కర్లేదు. అసలైన సున్నం, జాజు వాడదామనే సరదా ఉంటే వాడుకోవచ్చు గానీ అవి కడిగేస్తే పోతాయి. పసుపు ఎండకు వెలిసిపోతుంది. బియ్యప్పిండితో వేస్తే హాస్టల్ చీమలకు విందు. సున్నం కలిపే పని మాత్రం పిల్లలకు అప్పగించొద్దు. నీళ్లు పడగానే పొడి సున్నం సలసలా కాగుతుంది. కంట్లో పడితే చూపే పోయే ప్రమాదముంది. పొరపాటున పడితే వెంటనే కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లతో కడుగుతూ, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

అటక మీద డబ్బా జోలికి వెళ్లొద్దు

మా మేనకోడలు చేసిన రెండో తప్పు మనం అందరం చేసేదే. ఇంటికి రంగులు వేయించినప్పుడు మిగిలిన డబ్బాలను దాచుకుంటాం, 'ఎప్పటికైనా పనికొస్తుంది' అని. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశముంది. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని 2016లో నియమాలు చేశారు. అవి అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1 నుంచి. అంతకు ముందటి డబ్బాలో ఏముందో మూత మీద చూసి చెప్పలేం. సీసం ఒంట్లోకి చేరితే, ముఖ్యంగా చిన్న పిల్లల్లో, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదైతే ఫర్వాలేదని చెప్పగల హద్దేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఇంట్లో తమ్ముడో చెల్లెలో చిన్నవాళ్లుంటే ఊడిన పెచ్చు నోట్లో పెట్టుకోవటానికి ఎంతసేపు? పాత డబ్బా వాడొద్దు. పాత రంగు వేసి ఉన్న కుండీని గీకి శుభ్రం చేయటం అంతకన్నా ప్రమాదం.

స్ప్రే డబ్బాలు, టర్పెంటైన్ కలిపే రంగులు హాస్టల్ గదిలో అసలే వద్దు. తలుపులేసుకుని ఏసీలో కూర్చుని స్ప్రే చేస్తే తలనొప్పి, కళ్ల మంట, ఆస్థమా ఉన్నవారికి ఆయాసం తప్పవు. పక్క మంచం మీద పడుకునే పిల్లకూ అదే గాలి కదా. బాల్కనీలోనో, మేడ మీదో కూర్చోవటం మంచిది.

మరో చిన్న అలవాటు ఉంది. కుంచె మొన సన్నగా రావాలని పెదాల మధ్య పెట్టి తడిపేస్తుంటారు. 1917 ప్రాంతంలో అమెరికాలోని న్యూజెర్సీలో గడియారం అంకెలకు రేడియం కలిపిన రంగు వేసే అమ్మాయిలు ఇలాగే కుంచెను పెదాలతో సరిచేసుకునేవారు. దవడ ఎముకలు పాడై, రక్తం తగ్గిపోయి ఎందరో చనిపోయారు. మన రంగుల్లో రేడియం లేదు, కంగారు పడకండి. అలవాటు మాత్రం మంచిది కాదు. రంగు చేతులతో మిక్చర్ తినటమూ అంతే.

ఏ మొక్క?

గది మొక్కకు ముందు చూడాల్సింది అందం కాదు, కిటికీ. తులసికి రోజుకు కనీసం నాలుగైదు గంటల ఎండ కావాలి. గదిలో పెడితే కుండీ చిల్లు సరిగ్గా ఉన్నా అది మెల్లగా నీరసించిపోయేదే. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ వెలుతురు తక్కువైనా సర్దుకుంటాయి. సంక్రాంతి సెలవులకు పది పదిహేను రోజులు ఊరెళ్లి వచ్చినా బతికే ఉంటాయి. నీళ్లెక్కువైతేనే వీటికి ప్రాణాపాయం. కాస్త ఎండ తగిలే కిటికీ ఉంటే వామాకు పెట్టుకోవచ్చు. కొమ్మ విరిచి గుచ్చితే చాలు, నాటుకుంటుంది. ఆకు నలిపితే వచ్చే ఆ వాసన చాలా ఇళ్లలో అమ్మమ్మ వాసన. మనీప్లాంటుకు పేరు పెట్టాల్సిన పని లేదు గానీ దాని ఆకుల్లో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. చిన్నపిల్లలున్న ఇంటికి తెస్తే అందనంత ఎత్తులో పెట్టాలి.

కిటికీయే లేని గదులూ ఉన్నాయి, మనకు తెలుసు. అలాంటి చోట మొక్కను బలిపెట్టొద్దు. కుండీని పెన్నుల స్టాండుగా వాడుకోమనండి. ముగ్గు ఎలాగూ ఉంటుంది.

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు వర్మీకంపోస్టు కలిపితే మట్టి సిద్ధం. చిల్లు మీద చిల్లపెంకు ఒకటి బోర్లించండి. మట్టి జారదు, నీరు ఆగదు. నీళ్లు ఎప్పుడు పోయాలో తేదీలు రాసుకోవద్దు. వేలిని రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడాలి. తడి తగిలితే ఆ రోజుకు వద్దు.

కుండీ కింద పళ్లెం గురించి గట్టిగా చెప్పాలి. డెంగీ మోసుకొచ్చే ఏడిస్ దోమకు అందులోని గుక్కెడు నీళ్లు చాలు. గుడ్డు నుంచి దోమ అయ్యేసరికి వారం, పది రోజులే పడుతుంది. పైగా గుడ్లు పళ్లెం అంచుకు అంటుకుని ఎండినా నెలల తరబడి బతికి ఉండి, తిరిగి తడి తగలగానే పొదుగుతాయి. కాబట్టి నీళ్లు పారబోస్తే సరిపోదు, వారానికోసారి పీచుతో రుద్ది కడగాలి. మన ఊళ్లలో ఆరోగ్య సిబ్బంది శుక్రవారం 'డ్రై డే' అని చెబుతుంటారు కదా, ఆ రోజే పెట్టుకుంటే గుర్తుంటుంది. పళ్లెంలో ఇసుక నింపి పెట్టినా నీరు నిలవదు. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే బూజు కూడా పడుతుంది. ఆస్థమా, తరచూ తుమ్ములు వచ్చే పిల్లల గదిలో ఇది ఇబ్బందే.

'మొక్క గాలిని శుభ్రం చేస్తుంది' అని నర్సరీవాళ్లు చెబితే నవ్వి ఊరుకోండి. 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి పుట్టిన మాట ఇది. ఆ ప్రయోగం గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసింది. 2019లో డ్రెక్సెల్ పరిశోధకులు ఇలాంటి అధ్యయనాలన్నింటినీ గుదిగుచ్చి లెక్క కడితే, మామూలు గాలి మార్పిడితో సమానం కావాలంటే చదరపు మీటరు నేలకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. కిటికీ తెరవటమే సులువు. అలాగే రాత్రిపూట మొక్క ఆక్సిజన్ లాగేసుకుంటుందనే భయమూ అక్కర్లేదు. చిన్న కుండీలోని మొక్క వదిలే బొగ్గుపులుసు వాయువు, పక్క మంచం మీది మనిషి వదిలేదాంతో పోలిస్తే లెక్కలోకే రాదు.

అమ్మానాన్నలు ఏం చేయొద్దు?

కుంచె తీసుకోవద్దు. ఇదే కష్టం, తెలుసు. పిల్ల గీసిన మెలిక వంకరపోతుంటే మనకు చేతులాగవు. 'ఇలా ఇవ్వు, నేను వేస్తా' అంటే అది మీ కుండీ అయిపోతుంది. అమ్మ వేసిన అందమైన కుండీ కన్నా తను వేసుకున్న వంకర కుండీయే గదిలో తోడు. పక్కన కూర్చుని మరో కుండీకి మీరు వేసుకోండి. 'ఎంత మార్కులొస్తాయి?' అన్న ప్రశ్న లేకుండా మీ పిల్లలతో చివరిసారి రెండు గంటలు ఎప్పుడు గడిపారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. అబ్బాయిలకు ముగ్గులేంటని తాతయ్యలు అనొచ్చు. పట్టించుకోవద్దు. ఐరేని కుండలకు రంగులద్దిన కుమ్మరి తాతలు మగవాళ్లే.

పంపించాక ఫోనులో మొక్క గురించి అడగండి. 'చదివావా?' అన్నదానికి జవాబు అవును లేదా కాదు. 'కొత్త ఆకు వచ్చిందా?' అంటే వెళ్లి చూడాలి, చెప్పాలి, ఫొటో తీయాలి. ఆ ఫొటోలో మంచం, టేబులు, తెరవని టిఫిను డబ్బా కూడా కనిపిస్తాయి. అయితే దీన్ని మరో తనిఖీగా మార్చొద్దు. మొక్క చచ్చిపోతే తిట్టొద్దు.

ఇంకొకటి, ఇది మిగతా అన్నింటికన్నా ముఖ్యం. బెంగ వేరు, కుంగుబాటు వేరు. కొత్త చోట కొన్నాళ్లు బెంగపడటం మామూలే. రెండు వారాలకు పైగా రోజూ దిగులుగా ఉండటం, నిద్ర, ఆకలి తప్పటం, ఇష్టమైన పనులపై కూడా ఆసక్తి పోవటం, ఫోన్లు ఎత్తకపోవటం, 'నేను లేకపోతేనే మీకు బాగుంటుంది' లాంటి మాటలు.. వీటికి కుండీలు, రంగులు సరిపోవు. 'ఏదో ఒకటి చేస్తూ ఉండు, అదే పోతుంది' అని సర్దిచెప్పొద్దు. మీరే బయల్దేరి వెళ్లండి. మానసిక వైద్యులకు చూపించండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ నంబరు పిల్లల ఫోనులోనూ, మీ ఫోనులోనూ ఉండాలి. కుండీ మీద రాయమని నేననను గానీ, రాసినా తప్పు లేదు.

మా మేనకోడలి రెండో కుండీ సంగతి చెబుతానన్నాను కదా. పరీక్షలయ్యాక ఓ ఆదివారం మెస్సు వెనకాల మెట్ల మీద కూర్చుని వేసుకుంది. తెల్ల చుక్కలు, ఒక వరస మెలికలు, రెండు చోట్ల తప్పు. మాట కలవని రూమ్మేటు వచ్చి చూసి 'మా ఊళ్లో ఇలా వేయరు' అని కుంచె లాక్కుని అవతలి వైపు తన పద్ధతిలో వేసిందట. దాంతో ఆ కుండీకి ఇటు చూస్తే ఒక ముగ్గు, అటు చూస్తే ఇంకో ముగ్గు. అందులో స్నేక్ ప్లాంట్ పెట్టుకున్నారు. వేసవి సెలవుల్లో దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చింది. ముందురోజే నీళ్లు పోయటం ఆపేసి, మట్టి ఒలకకుండా పాత చున్నీ చుట్టింది. నాయనమ్మ కుండీని అటూ ఇటూ తిప్పి చూసింది. 'ఈ వైపు వేసిందెవరే? చేయి తిరిగిన పిల్ల' అంది. మా పిల్ల మొహం చూడాలి!